నాలుగో రోజు వాలుదారి

ఫ్రాన్సులో ద్రాక్షతోటల మధ్య సైకిలు మీద ఎలా వెళ్ళాలో చెప్పే కాగితాలు రాసే ఉద్యోగంలో చేరేనాటికి నాకు యాభై ఆరేళ్ళు. అప్పటికి నేను ఫ్రాన్సు చూడలేదు, సైకిలూ ఎక్కలేదు. మొదటి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. రెండోది మాత్రం రెండేళ్ళ పైచిలుకు దాచుకుంటూ వచ్చాను.

ఆఫీసు కలకత్తా ఎల్గిన్ రోడ్డు వెనక సందులో, మేడ మీద రెండు గదులు. యజమాని బెంగాలీ ఆవిడ, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. చదువు కోసం కొన్నేళ్ళు ఫ్రాన్సులో ఉండి వచ్చింది. కలకత్తాలో కాస్త వయసు మళ్ళినవాళ్ళను చిన్న జట్లుగా, ఒక్కోసారి ఇద్దర్నే, బర్గండీ ప్రాంతానికి ఆరు రోజుల సైకిలు ప్రయాణానికి పంపుతుంది. వచ్చేవాళ్ళంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "దారిలో కార్లు ఉండవు కదా?" జన్మంతా ఈ ఊళ్ళో రోడ్డు దాటుతూ గడిపినవాళ్ళు అలా అడగడంలో వింత లేదు. ఉండవు అని చెప్పడమే మా వ్యాపారం.

అక్కడ అలాంటి దారులు నిజంగానే ఉన్నాయి. ఒకప్పుడు సరుకు పడవల్ని లాగుతూ గుర్రాలు నడిచిన కాలవ గట్లను ఇప్పుడు సైకిళ్ళకు వదిలేశారు. గట్టు పొడుగునా చెట్లు, అక్కడక్కడా లాకు, లాకు పక్కన చిన్న ఇల్లు, కిటికీలో పూలకుండీలు. మూతపడిన రైలు లైన్ల పట్టాలు పీకేసి వాటినీ దారులు చేశారు. రైలు ఎక్కలేని ఎత్తు వాటి మీద ఎక్కడా ఉండదు కనుక మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అవే మంచివని ప్రతి పుస్తకంలోనూ రాసేవాణ్ణి. ఇవి కాక తోటల లోపల, రైతులు ట్రాక్టర్ల కోసం వేసుకున్న సన్నని సిమెంటు బాటలు. రెండు వైపులా నడుమెత్తు రాతిగోడలు, వాటి వెనక ద్రాక్షతీగల వరసలు. కోతల రోజుల్లో తప్ప మనిషి అలికిడి ఉండదు.

ఇదంతా పటాల్లోనూ, ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లోనూ చూసి తెలుసుకున్నదే. ప్రయాణికుల పెట్టెల్ని ఒక బస నుంచి మరో బసకు వ్యానులో చేరవేసే ఫ్రెంచి ఆవిడ ఒకామె అక్కడ మా తరఫున ఉంది. సందేహాలుంటే ఆమెకు రాసేవాళ్ళం. తక్కినదంతా నా పని. ఏ మలుపు ఎన్ని మీటర్ల తర్వాత, దానికి గుర్తేమిటి, మంచినీళ్ళ కుళాయి ఎక్కడ, నీడ ఎక్కడ, అన్నీ ఇంగ్లీషులో రాసి, రోజుకొక కాగితం చొప్పున కుట్టి చిన్న పుస్తకం చేతికిచ్చేవాళ్ళం. ఓడల సరుకు కాగితాలు ముప్ఫయ్యేళ్ళు రాసిన చెయ్యి నాది. ఆ పుస్తకాల్లో ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. నాకు వాటిని చూస్తే గర్వంగా ఉండేది. మా ఇంట్లో ద్రాక్షసారా ముట్టరు. మా చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనలో తాగడానికి కూడా నా భార్య ఎండుద్రాక్ష ఉడకబెట్టి పిండిన రసమే వాడతారు. అయినా ఏ తోటలో ఏ ద్రాక్ష పండుతుందో నన్నడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

ఉద్యోగం కోసం వెళ్ళిన రోజున యజమాని నా పటం చదువు పరీక్షించి, ఇక అయిపోయిందన్నట్టు లేస్తూ, "సైకిలు తొక్కుతారు కదా దాదా?" అంది, బెంగాలీలో అన్నను పిలిచినట్టు.

"చిన్నప్పటి నుంచీ" అన్నాను.

రాదని చెబితే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నాకంటే చిన్నదానిముందు, ఒక పని నాకు చేతకాదనడానికి నోరు రాలేదు. పైగా ఎందుకు రాదో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

మా తాత కలకత్తా రేవులో మేస్త్రీ. శ్రీకాకుళం తీరం నుంచి మనుషుల్ని రప్పించి, ఓడలకు సరుకు ఎక్కించే జట్లు నడిపాడు. వాట్‌గంజ్‌లో రోడ్డు వైపు పొడుగాటి వరండా ఉన్న మేడ మాది. పొద్దున్నే జట్టు మనుషులు సైకిళ్ళ మీద పనికి పోయేవాళ్ళు. మా ఇంటికి నాలుగిళ్ళ ముందే దిగి, సైకిలు నడిపించుకుంటూ మా వరండా దాటి, మరో నాలుగిళ్ళు పోయాక మళ్ళీ ఎక్కేవాళ్ళు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. వానలో కూడా దిగేవాళ్ళు. నేను వరండాలో నిలబడి చూసేవాణ్ణి. పన్నెండేళ్ళప్పుడు సైకిలు కొనమని అడిగితే నాన్న పేపరులోంచి తలెత్తి, "ఏం, జట్టులో చేరుతున్నావా?" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

తర్వాత పెద్ద పెద్ద పెట్టెల్లో సరుకు రావడం మొదలైంది. క్రేను చేసే పనికి జట్టు ఎందుకు? తాత పోయాక నాన్న ఆ మేడ అమ్మేశాడు. ఇప్పుడది ఇనపసామాన్ల గోదాము. మేం ఏక్‌బాల్‌పూర్‌లో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నాం. చర్చిలో మొదటి బల్ల మాత్రం ఇప్పటికీ మాదే. దాని మీద ఎవరూ కూర్చోరు, నేను ఆలస్యంగా వెళ్ళినా ఖాళీగానే ఉంటుంది. ఇస్త్రీ లేని చొక్కాతో నేను ఎన్నడూ గడప దాటలేదు.

నిరుడు మే నెల చివర ఒక ఆదివారం. ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చాం. మా వెనకే ఎదురు వాటా నర్సు కూడా వచ్చింది. ఆమెకు నలభై దాటాయి. ఆమె తాత మా తాత జట్టులో మనిషి. మా మేడ అమ్ముడైపోయాక పుట్టింది కనుక ఆ వరండా ఆమె చూడలేదు. నా భార్యను వదినా అని పిలుస్తుంది, నన్ను మాత్రం అన్నా అనదు. బాబుగారూ అంటుంది. అందులో మర్యాద ఎంతో వేళాకోళం ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఈ ఊళ్ళో చాలా పెద్ద రోడ్ల మీద సైకిళ్ళు పోనివ్వరు కనుక రోజూ సందులూ గొందులూ పట్టుకుని సైకిలు మీద ఆసుపత్రికి వెళ్తుంది.

నా భార్య టీ పెట్టి, "మీ బాబుగారు చేసిన పుస్తకం చూడు, ఇవాళ ఇద్దరు దీన్ని పట్టుకుని ఫ్రాన్సులో తిరుగుతున్నారు" అని మేజా మీది పుస్తకం ఆమె చేతికిచ్చింది. ఆ ఇద్దరూ బెహాలాలో ఉండే రిటైర్డ్ మాష్టారు, ఆయన భార్య. ఆయనకు అరవై ఎనిమిది. అది వాళ్ళ ప్రయాణంలో నాలుగో రోజు.

"ఇదంతా కారుల్లేని దారే బాబుగారూ?" అంది పేజీలు తిప్పుతూ.

"ఒక్క కారు ఉండదు."

"బాగుందండీ. మన దగ్గర పెద్ద రోడ్డు మీద సైకిలెక్కితే పోలీసోడు ఆపీస్తాడు. అక్కడ కారెక్కితే ఆపీస్తారేటి? నానక్కడికి బదిలీ అయిపోతాను వదినా."

"అక్కడివాళ్ళు సూది పొడిస్తే ఫ్రెంచిలో ఏడుస్తారే. నీకేం అర్థమవుతుంది?" అంది నా భార్య.

"ఏడుపుకి బాసేటి వదినా!"

నవ్వుతూనే నాలుగో రోజు కాగితం దగ్గరకొచ్చింది. అక్కడ ఆగింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. నేను రాసింది నాకు కంఠతా వచ్చు. కొండ మీది ఊళ్ళో చర్చి వెనక నుంచి బాట కిందికి దిగుతుంది, ఎనిమిది వందల మీటర్లు, గోడల మధ్య. దిగువన రాతి శిలువ దగ్గర ఎడమకు సన్నబాటలోకి తిరగండి. తిన్నగా వెళ్తే పెద్ద రోడ్డు. ఆ ఊరి మీది నుంచి లోయ అంతా కనిపిస్తుందని, మా యజమాని ముచ్చటపడితే రైలు దారి వదిలి ఈసారే మొదటిసారిగా ఆ ఒక్క చోట కొండెక్కించాను.

"ఇంత దిగుడులో వచ్చినోళ్ళు ఆ శిలువ కాడ ఎలాగాగుతారు?" అంది.

"బ్రేకు ఉంటుంది కదా."

ఆమె తలెత్తి నాకేసి చూసింది. ఆ చూపులో వేళాకోళం లేదు. "బాబుగారూ, మీరెప్పుడైనా ఖిదిర్‌పూర్ వంతెన మీంచి సైకిలు మీద దిగినారా?"

నేను టీ కప్పు కింద పెట్టాను.

"వంతెన దిగుతున్నప్పుడు కాయితం సూడ్డానికి సెయ్యెక్కడ కాళీ? రెండు సేతులూ బ్రేకు మీదే. ఎనకాల సంచి బరువు తోసేస్తాది. సిమెంటు తడిగా ఉంటే, గట్టిగా బ్రేకేస్తే జారిపోతాది. ఆ శిలువ కనబడీసరికే దాటీసి ఉంటారు. ఇది కింద రాస్తే ఏటి లాభం? కొండ మీదే సెప్పాలి. దిగి నడవండని సెప్పాలి." పుస్తకం మూసి, "ఎక్కడున్నారిప్పుడు వాళ్ళు?" అంది.

మన గడియారానికి అక్కడిది మూడున్నర గంటలు వెనక. ఇక్కడ పదకొండూ ఇరవై. అక్కడ ఇంకా ఎనిమిది కాలేదు. బసలో ఉంటారు. ఎనిమిదిన్నరకు బయల్దేరినా ఆ కొండకు చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఈ లెక్క నోటికి వచ్చినంత తేలిగ్గా ఇంకేదీ రాలేదు. కళ్ళ ముందు ఆ కాగితమే కనిపిస్తోంది. దాన్ని రాస్తున్నంతసేపూ నేను మనసులో నడుస్తున్నాను. గోడల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి దిగి, శిలువ దగ్గర ఆగి, కాగితం చూసి, ఎడమకు తిరిగాను. ఆ పుస్తకంలోని ఆరు రోజులూ, అంతకు ముందు రాసిన పుస్తకాలన్నీ, నేను నడిచే రాశాను.

ముందు రాత్రి అక్కడ వాన పడిందని నాకు తెలుసు. ప్రయాణికులున్న రోజుల్లో అక్కడి వాతావరణం చూడటం నా అలవాటు.

నా ఫోన్ నుంచి విదేశాలకు కాల్ వెళ్ళదు, వ్యాను ఆవిడ నంబరు యజమాని దగ్గరే ఉంది. మాష్టారి భార్యకు మెసేజ్ పెట్టాను: కొండ మీది చర్చి దాటాక సైకిళ్ళు దిగి నడవండి. పక్కన ఒక్క టిక్కే పడింది. చేరలేదు. ఇంకోటి పెట్టాను. మాష్టారి ఫోన్‌కూ పెట్టాను. ఒక్క టిక్కే.

"మీ ఆఫీసావిడకి ఫోన్ సెయ్యండి" అంది నర్సు.

"చేస్తాను."

"ఏటి సూస్తన్నారు మరి?"

ఫోన్ చేస్తే ఆవిడ మొదట అడిగేది నాకు తెలుసు. ఈ దారి మీరు సరిచూసి రాసిందే కదా దాదా, ఇప్పుడేమైంది? దిగుడు సంగతి ఇప్పుడే తోచిందనాలి. ఇలాంటివి రెండేళ్ళుగా ఎందుకు తోచలేదంటుంది. అబద్ధం మీద ఇంకో అబద్ధం వెతుకుతున్నాను. తోచీ తోచని అబద్ధాలు నాలుగు కూర్చుకుని, వాటిలో ఏది నిలబడుతుందా అని చూసుకుంటున్నాను. మధ్య మధ్య ఇంకో మెసేజ్ పెడుతున్నాను. ఆదివారం అక్కడ పెద్ద లారీలు తిరగనివ్వరు. అదీ నాకు తెలుసు. ఆ ఒక్క మాట పట్టుకుని పది నిమిషాలు గడిపాను. రోడ్డు మీద లారీలుండవు, కార్లే కదా అనుకున్నాను. కార్లే కదా అని నాలో నేనే అనుకున్నాను, రెండేళ్ళుగా ఒక్క కారు ఉండదని రాసినవాణ్ణి.

నర్సు డ్యూటీకి టైమైంది. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "బాబుగారూ, సైకిలు రాకపోతే నామోషీ ఏటండీ? మా అమ్మకి రాదు" అని వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక నా భార్య నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏవండీ, వాళ్ళకేమైనా అయితే మీరు ఏ మొహంతో చర్చిలో ఆ ముందు బల్ల మీద కూర్చుంటారు?" అంది. గట్టిగా అనలేదు. ముప్ఫయ్యేళ్ళలో ఆ బల్ల గురించి ఆమె నోరెత్తడం అదే మొదటిసారి.

పన్నెండూ రెండు నిమిషాలకు ఫోన్ చేశాను.

"బోలున్ దాదా, చెప్పండి" అంది యజమాని. వెనక టీవీ మోగుతోంది.

"నాలుగో రోజు కాగితంలో తప్పుంది. కొండ దిగేచోట ఆగమని చెప్పాలి, చెప్పలేదు. తిన్నగా పెద్ద రోడ్డు మీద పడతారు. నాకు..." నా భార్య వైపు చూశాను. "నాకు సైకిలు రాదు. ఎప్పుడూ తొక్కలేదు."

టీవీ ఆగిపోయింది. నేను తిట్టు కోసం కాచుకున్నాను.

"ఏ పేజీ?" అంది.

చెప్పాను. ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ చేసింది. బసకు ఫోన్ చేసిందట. బయల్దేరి పది నిమిషాలైందట. సామాను వ్యాను ఆవిడ ఆ వేళ వేరే జట్టు పెట్టెలు తీసుకుని దూరంగా ఉంది. అన్నీ వదిలేసి ఆ కొండ కిందికి బయల్దేరిందట. గంటకు పైగా పడుతుందట. "ప్రార్థన చెయ్యండి దాదా, మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు కదా" అంది.

ప్రార్థనకు కూర్చున్నాను. మనసు ఆ బాట మీదే ఉంది. వాళ్ళిప్పుడు కాలవ గట్టు దాటి ఉంటారు. ఇప్పుడు రైలు దారి వదిలి ఉంటారు. ఇప్పుడు ఎక్కలేక సైకిళ్ళు తోసుకుంటూ వెళ్తుంటారు. చర్చి ముందు కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటారు. ఆ కుళాయి గురించి నేనే రాశాను. కాస్త ఎక్కువసేపు తాగితే బాగుండును. నా భార్య అన్నం వడ్డించింది. తినలేదు. ఒంటి గంట దాటింది. ఒకటిన్నర అయింది. ఫోన్ మేజా మీద పెట్టి, దాన్ని చూడకుండా ఉండటానికి కిటికీలో నిలబడ్డాను. కింద సందులో ఎవరో సైకిలు మీద గుడ్లు పెట్టుకుని పోతున్నాడు. వాడి రెండు చేతులూ ఎక్కడున్నాయో చూశాను.

ఒకటీ యాభైకి యజమాని నుంచి ఫోన్ వచ్చింది.

మాష్టారు జారలేదు. బ్రేకు గట్టిగా పట్టడానికి భయపడ్డారు. శిలువ దాటిపోయి, ఏమవుతోందో తెలిసేలోగా పెద్ద రోడ్డు మీదికి వచ్చేశారు. ఒక కారు వెళ్ళిన వెంటనే, ఇంకో కారు రాకముందు. రోడ్డు దాటి అవతలి తోట తీగకంచెలో పడ్డారు. చెయ్యి విరిగింది. ఆయన భార్య పైనుంచి దిగుడు చూసి భయపడి సైకిలు దిగి నడిచి వచ్చింది. వ్యాను ఆవిడ వచ్చేసరికి ఆయన పడి పావుగంట. ఆమే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. ఉద్యోగం ఉండదనుకున్నాను. యజమాని "సైకిలు సంగతి నాకు ముందే చెప్పాల్సింది దాదా. కానీ ఆదివారం పూట ఇంట్లో కూర్చుని కాగితాలు మళ్ళీ సరిచూశారు చూడండి, తప్పు కనబడగానే ఫోన్ చేశారు. ఇంకొకళ్ళైతే దాచేసేవాళ్ళు" అంది. కొత్త పుస్తకాలు ప్రస్తుతానికి ఆపమంది.

తప్పు కనబడగానే. ఆ మాట దగ్గర నేను నోరు తెరవాలి. తెరవలేదు. తల ఊపి నా కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ చెయ్యకుండా గడిపిన ఆ నలభై నిమిషాలు నా భార్యకూ, నర్సుకూ తప్ప ఎవరికీ తెలియవు. వ్యాను పావుగంట ఆలస్యమైందని యజమాని తానే చెప్పింది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆమెకు కారణం లేదు. అసలు పదకొండున్నరకే బసకు ఫోన్ వెళ్ళి ఉంటే వాళ్ళు ఇంకా గడప కూడా దాటి ఉండేవాళ్ళు కాదు.

రెండు వారాలు అలా గడిచాయి. ఆఫీసులో ఫోన్ మోగినప్పుడల్లా యజమాని మొహం చూసేవాణ్ణి. ఇంట్లో నా భార్య ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించేది.

రెండో ఆదివారం నేనే నర్సు తలుపు కొట్టాను. "ఆ వంతెన ఒకసారి చూపించు" అన్నాను.

"సూపించడానికేటుంది? రోజూ సూస్తారు కదా."

"సైకిలు మీద నుంచి."

పొద్దున్నే, ట్రాములూ బస్సులూ పలచగా ఉన్న వేళ, ఆరాధనకు ఇంకా టైముండగా వెళ్ళాం. నడిపించుకుంటూ వంతెన మీదికెక్కాక, "ఎనకాల కూకోండి. కాళ్ళు సక్రంలో పెట్టకండేం" అని నాలుగో రోజు కాగితం నా చేతిలో పెట్టింది. "నాను దిగుతుంటాను. మీరు సదవండి. ఆ టీ కొట్టు శిలువ అనుకోండి. అది వచ్చినప్పుడు ఆపమని సెప్పండి." నా జీవితంలో నేను మొదటిసారి సైకిలెక్కింది అలా, ఇస్త్రీ చొక్కాతో, ఒక ఆడమనిషి తొక్కుతుంటే క్యారియర్ మీద. ఎదురుగా మా చర్చి పెద్ద ఒకాయన రిక్షాలో వస్తూ నన్ను చూసి నమస్కారం పెట్టబోయి చెయ్యి మధ్యలో ఆపేశాడు.

దిగడం మొదలయ్యాక కాగితం మీది అక్షరాలు కదిలాయి. రెండో వరస చదివేలోగా వేగం పెరిగింది. ఆమె భుజం పట్టుకున్నాను. కాగితం ఎగిరిపోయింది. తలెత్తేసరికి టీ కొట్టు వెనకబడింది.

ఆమె ఎక్కడో చదునులో ఆపి, వెనక్కి తిరిగి, "ఏం బాబుగారూ, ఎడమకి తిరిగినారా?" అంది.

నేను క్యారియర్ మీంచి దిగాను. ఆ వంతెన దిగుడు, నేను రాసిన దిగుడులో పావు వంతు కూడా ఉండదు. ఆ వేళ ఆరాధనకు వెళ్ళలేదు. ఇంటికొచ్చి, వేరే చొక్కా వేసుకుని, బెహాలా బస్సెక్కాను.

మాష్టారు వాళ్ళు తిరిగొచ్చి మూడు రోజులైంది. కింద వాటా. ఆయనే తలుపు తీశారు. ముంజేతి నుంచి మోచేయి దాకా సిమెంటు కట్టు. నన్ను చూసి సంతోషించారు. లోపల కూర్చోబెట్టి, భార్యను పిలిచి, పడిన కథంతా బెంగాలీలో ఒక పిల్లల కథలా చెప్పారు. "ఆ తీగకంచె లేకపోతే నేను పక్క జిల్లాలో తేలేవాణ్ణి దాదా. ఆ తోటవాడు పరిగెత్తుకొచ్చి ముందు చూసింది నన్ను కాదు, వాడి ద్రాక్షతీగల్ని!" అని నవ్వారు. ఆవిడ టీ, సందేశ్ మిఠాయి తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చున్నారు. నవ్వలేదు.

"మీరు ఆదివారం కూడా మా కోసం కాగితాలు చూస్తూ కూర్చున్నారట, మీ ఆఫీసు అమ్మాయి చెప్పింది" అన్నారు మాష్టారు. "మీరు ఫోన్ చెయ్యకపోతే ఆ వ్యాను వచ్చేది కాదు. ఆ దిక్కూ దివాణం లేని చోట మేమేం చేసేవాళ్ళం? మీకు థాంక్స్ చెప్పాలని..."

"వద్దు" అన్నాను. "నాకు తప్పు పదకొండూ ఇరవైకే తెలిసింది. మీరింకా బసలోనే ఉన్నారు. నేను ఫోన్ చేసింది పన్నెండు దాటాక."

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. "ఆ మధ్యలో ఏం చేశారు?" అన్నారు. క్లాసులో అడిగినట్టే.

"మీకు మెసేజ్‌లు పెడుతూ కూర్చున్నాను. నాకు సైకిలు రాదని మా యజమానికి చెప్పలేక."

ఆవిడ లేచి లోపలికెళ్ళి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. నేను పంపినవన్నీ వరసగా ఉన్నాయి. "పదకొండు" అన్నారు ఆవిడ. "మొదటిది మీ టైము పదకొండూ ఇరవై నాలుగుకి. అప్పుడు మేం రొట్టె తింటున్నాం. ఫోన్ ఆపేసి సంచిలో పెట్టాను. ఆసుపత్రి వరండాలో కూర్చుని తెరిస్తే అన్నీ ఒకేసారి వచ్చాయి."

మాష్టారు ఆవిడ వైపు తిరిగారు. "నాకు చెప్పలేదే నువ్వు?"

"చెబితే మీరు క్షమించేస్తారు. మీకదో జబ్బు. బడిపిల్లలంతా మిమ్మల్ని అలాగే మోసం చేశారు." తర్వాత నాతో అన్నారు, "నేను క్షమించలేదు. ఆ రోడ్డు మీద ఆయన వెళ్ళిపోవడం నేను పైనుంచి చూశాను. మీరు చూడలేదు. మీరు వస్తారా, వచ్చి చెబుతారా అని చూస్తున్నాను. ఆ అమ్మాయికి తెలుసా ఇది?"

"తెలియదు. రేపు ఆఫీసులో..."

"రేపు వద్దు."

నేను ఫోన్ తీశాను. మాష్టారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. అవతల రింగవుతున్నంతసేపూ ఆ ఇద్దరూ నన్నే చూస్తున్నారు. కూర్చుని మాట్లాడలేక లేచి నిలబడ్డాను.

"బోలున్ దాదా."

"ఆ ఆదివారం తప్పు పట్టుకున్నది నేను కాదు" అన్నాను. "మా ఎదురింటి నర్సు. పదకొండూ ఇరవైకి పట్టుకుంది."

"ఇంకా?" అంది యజమాని.

"ఇంకా ఉంది" అన్నాను.